కంటి పొరపాటును పాఠంగా మలచిన ఇబ్నుల్ హైసమ్

విజ్ఞానశాస్త్రానికి ముస్లిం పండితులు చేసిన సేవను గురించి మన కళాశాలల సభల్లో ఏటేటా ఉపన్యాసాలు వింటూనే ఉన్నాం. బీజగణితానికి అల్ ఖ్వారిజ్మీ, వైద్యానికి ఇబ్ను సీనా, కాంతిశాస్త్రానికి ఇబ్నుల్ హైసమ్ అని పేర్లు వరుసగా వినవస్తాయి, చప్పట్లు మోగుతాయి, సభ ముగుస్తుంది. ఆ మహనీయులు చేసిన పని ఏమిటో, దానిని వారు ఎట్లా చేశారో మాత్రం వేదిక దిగి విద్యార్థి చేతికి రాదు. ఇబ్నుల్ హైసమ్ విషయంలో ఈ లోటు మాకు మరింత విచారం కలిగిస్తున్నది. ఎందువల్లనంటే, ఆయన ప్రయోగాలలో కొన్నింటికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు, ఆరోగ్యమైన రెండు కళ్ళు ఉంటే చాలు. కాగితం మీద మనమే గీసిన గీత మన కంటినే మోసగిస్తుంది. ఆ మోసం ఎక్కడ జరిగిందో వెతుక్కుంటూ పోతే వెయ్యేళ్ళనాటి ఒక అరబ్బు పండితుని గుమ్మం ముందుకు చేరుకుంటాం.

ఆయన పూర్తి పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. క్రీ.శ. 965 ప్రాంతంలో నేటి ఇరాక్ దేశంలోని బస్రా నగరంలో జన్మించారు. ఐరోపా వారు అల్ హసన్ అనే పేరును తమ నాలుకకు అనువుగా మార్చుకొని అల్‌హాజెన్ అని పిలిచారు. ఆయన పుట్టేనాటికే గ్రీకుల విద్య అరబ్బీ భాషలోకి తరలి వచ్చి నూరేళ్ళకు పైబడింది. యూక్లిడు రేఖాగణితం, టాలెమీ ఖగోళశాస్త్రం, అరిస్టాటిల్ తత్త్వశాస్త్రం, గాలెన్ వైద్యం - ఇవన్నీ అరబ్బీలో చదువుకునే భాగ్యం ఆ తరానికి కలిగింది. ఇబ్నుల్ హైసమ్ వాటిని భక్తితో చదివారు. భక్తితో మాత్రమే చదివి ఉంటే నేడు మనం ఆయనను తలచుకోవలసిన అవసరం ఉండేది కాదేమో!

ఆయన కీర్తి ఈజిప్టును పాలిస్తున్న ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిని పడింది. అల్ హాకిమ్ 996 నుండి 1021 వరకు పాలించాడు. కైరోలో 1005లో విజ్ఞాన భవనాన్ని నెలకొల్పిన విద్యాపోషకుడు అతడే. అలిగితే ఎవరి తల ఎప్పుడు ఎగురుతుందో తెలియని ప్రభువూ అతడే. ఈ ఘట్టాన్ని 13వ శతాబ్ది చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ గ్రంథస్థం చేశాడు. నైలు నది ఒక ఏడు పొంగి ఊళ్ళను ముంచుతుంది, మరొక ఏడు ఎండి పొలాలను మాడ్చుతుంది. తాను ఈజిప్టులో ఉంటే ఆ నదికి ఒక కట్టడి చేయగలనని ఇబ్నుల్ హైసమ్ అన్నారట. ఆ మాట ఖలీఫాకు చేరింది. ఆహ్వానం పంపడమే గాక, కైరో వెలుపలి గ్రామం వరకు ఎదురేగి స్వాగతం పలికాడు. పనివారిని వెంట ఇచ్చి నది పొడవునా దక్షిణానికి పంపాడు. చెరువుల అడుగులు బీటలు వారడం చూచిన మన చిత్తూరు సీమ వారికి, నీళ్ళు తెస్తానని మాట ఇవ్వడం ఎంత బరువైన పనో వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రయాణమార్గంలో ప్రాచీన ఈజిప్టు వాస్తు శిల్పాలు ఆయన కంటబడ్డాయి. లెక్క తప్పని కొలతలు, చెక్కు చెదరని రాతిపని. ఇంతటి జ్యామితి తెలిసినవారు నైలుకు అడ్డుకట్ట వేయడం సాధ్యమై ఉంటే ఏనాడో వేసి ఉండేవారు గదా అన్న ఆలోచన ఆయనను కుదిపింది. అస్వాన్‌కు దక్షిణాన నది ఎత్తయిన చోటు నుండి దిగివచ్చే జనాదిల్ అనే ప్రదేశం వరకు వెళ్ళి పరిశీలించి, పని కాదని తేల్చుకొని తిరిగి వచ్చారు. (అదే అస్వాన్ వద్ద 1960 నుండి 1970 వరకు పది సంవత్సరాలు శ్రమించి మహా ఆనకట్టను నిర్మించారు. స్థలం ఎంపికలో పండితుని చూపు తప్పలేదు. ఆనాటి పనిముట్లు చాలలేదు.)

తిరిగి వచ్చిన పండితునికి ఖలీఫా ఒక ఉద్యోగం ఇచ్చాడు. ఇష్టంతో గాక భయంతోనే దానిని స్వీకరించారు. ఆ భయం నానాటికీ పెరిగి, చివరకు ఆయన పిచ్చివానివలె నటించడం మొదలుపెట్టారు. ఆస్తిని స్వాధీనం చేసుకొని, ఆయన మేలు చూడడానికి మనుషులను నియమించి, ఇంటిలోనే నిర్బంధించారు. 1021లో ఒక రాత్రి ముఖత్తమ్ కొండల వైపు వెళ్ళిన అల్ హాకిమ్ మరి తిరిగి రాలేదు. ఖలీఫా మరణవార్త ధ్రువపడిన తరువాత ఇబ్నుల్ హైసమ్‌కు మతి కుదిరింది! ఈ కథను కొందరు ఆధునిక పండితులు పూర్తిగా నమ్మరు. అయినా చూచేవారి అంచనాలను చక్కగా ఎరిగినవానికే అటువంటి నటన సాధ్యమని మాకు తోస్తుంది.

అటు తరువాత ఆయన అల్ అజ్‌హర్ మసీదు ద్వారం వద్ద కాపురముంటూ, ఏడాదికొకసారి యూక్లిడు గ్రంథాన్నీ, టాలెమీ అల్మజస్త్‌నూ, వాటి నడుమ చదివే గణిత గ్రంథాలనూ తన చేత్తో నకలు రాసి 150 ఈజిప్టు దీనారాలకు అమ్మి, ఆ సొమ్ముతో సంవత్సరమంతా గడిపేవారట. ఆయన మహాగ్రంథం కితాబుల్ మనాజిర్ ఏడు సంపుటాలు. నిర్బంధంలోనే రాశారని జనశ్రుతి ఉన్నది గాని, 1028-1038 మధ్య రాసి ఉంటారని పలువురు పరిశోధకుల అభిప్రాయం. మన ఉర్దూ విద్యార్థులకు ఆ పేరు అర్థం చెప్పనక్కరలేదు; మంజర్‌కు బహువచనమే మనాజిర్. నజర్, నజారా అదే ధాతువు బిడ్డలు.

ఇక ఆ గ్రంథంలోని ప్రశ్నకు వద్దాం. మనం ఎట్లా చూస్తున్నాం? యూక్లిడు, టాలెమీలు కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని నమ్మారు. అరిస్టాటిల్ అనుయాయులు వస్తువు రూపమే కంటిలోకి వస్తుందన్నారు. ఇబ్నుల్ హైసమ్ వాదోపవాదాలను అటుంచి చిన్న అనుభవాన్ని ముందుంచారు. సూర్యుని వంక చూస్తే కన్ను నొచ్చుకుంటుంది. బాగా వెలుగుతున్న దానిని చాలాసేపు చూచి నీడలోకి తిరిగితే ఆ వెలుగు మచ్చ కంటిలోనే నిలిచి ఉంటుంది. బయటినుండి వచ్చి పడినది ఏదో లేకపోతే ఈ నొప్పి ఎందుకు? వెలుగు పడిన వస్తువు మీది ప్రతి బిందువు నుండీ కాంతి తిన్నని దారుల్లో అన్ని దిక్కులకూ వెళుతుంది. అందులో కొంత మన కంటిలో ప్రవేశిస్తుంది - ఇదీ ఆయన సిద్ధాంతం.

కాంతి కంటిలో పడినంతలో చూపు పూర్తి కాదని గుర్తించడం ఆయన చేసిన రెండవ పని. మా దృష్టిలో ఇదే గొప్పది. దీనికి ఆయన వాడిన సాధనం మూరెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు గల ఒక చెక్కపలక. పొట్టి అంచు నడుమ ముక్కు ఇమిడేందుకు ఒక గంటు. పలక మీద వేర్వేరు రంగుల గీతలు, మైనంతో చేసిన చిన్న మేకులు. ఇటువంటి పరికరంతో టాలెమీ కూడా అంతకు ముందు పరీక్షలు చేసి ఉన్నాడు. ఇబ్నుల్ హైసమ్ దానిని మరింత శ్రద్ధతో వాడారు. మన విద్యార్థులు పరీక్షలకు తీసుకుపోయే అట్ట ఇందుకు చక్కగా సరిపోతుంది.

అట్ట మీద ఒక తెల్లకాగితం బిగించండి. కాగితం నడిమధ్యన పైనుండి కిందికి పొడవునా పెన్సిలుతో ఒకే ఒక తిన్నని గీత గీయండి. ఆ గీత మధ్యలో స్పష్టమైన చుక్క పెట్టండి. ఇప్పుడు అట్ట పొట్టి అంచును ముక్కుకు ఆనించి, అట్ట ముఖానికి ఎదురుగా బల్లపరుపుగా, కళ్ళకు కొంచెం దిగువన ఉండేటట్లు పట్టుకోండి. గీత మీ ముక్కు దగ్గర బయలుదేరి దూరంగా పోయే దారివలె ఉండాలి. రెండు కళ్ళతో చుక్కనే చూడండి. గీసినది ఒక్క గీత. కనిపించేవి రెండు! అవి చుక్క వద్ద ఒకదానినొకటి ఖండించుకొని కత్తెరవలె నిలుస్తాయి. చూపును చుక్క నుండి దూరపు కొసకు జరిపితే కత్తెర కీలు కూడా దూరం జరుగుతుంది. దగ్గరకు తెస్తే దగ్గరకు వస్తుంది. ఎడమ కన్ను మూయండి. రెండింటిలో ఒక గీత మాయమవుతుంది. చిత్రమేమంటే, ముక్కుకు దగ్గరి భాగంలో మాయమయ్యేది ఎడమవైపు గీత కాదు, కుడివైపుది.

కారణం కష్టమైనది కాదు. ఎడమ కన్ను గీతకు ఎడమగా ఉండి చూస్తుంది, కుడి కన్ను కుడిగా ఉండి చూస్తుంది. ఒకే దారికి చెరొక ఒడ్డున నిలిచిన ఇద్దరు మనుషులకు అది చెరొక వాలుగా కనిపించినట్లే. మనం తదేకంగా చూచే చుక్క రెండు కళ్ళలోనూ సరిజోడు స్థానాలలో పడుతుంది గనుక మనసు రెండింటినీ కలిపి ఒకటి చేస్తుంది. మిగిలిన బిందువులు సరిజోడు కాని చోట్ల పడతాయి, కనుక రెండుగా మిగిలిపోతాయి. ఇబ్నుల్ హైసమ్ తన పలక మీద ఒక్కొక్క మేకును జరుపుతూ ఏది ఒకటిగా కనిపిస్తుందో, ఏది రెండుగా చీలుతుందో ఓపికగా పరీక్షించి రాశారు. లోకం రెండుగా ఉండవలసిన చోట ఒకటిగా కనిపించడమే అసలైన ఆశ్చర్యం. రోజూ జరుగుతున్నది గనుక మనం గమనించం.

ఈ మానసిక వ్యాపారానికి ఆయన వాడిన అరబ్బీ పదం ఖియాస్. ఫిఖ్‌హ్ చదివినవారికి ఇది పరిచితమైన మాట. స్పష్టమైన ఆదేశం లేని చోట తెలిసిన విషయంతో పోల్చి తీర్పు చెప్పడాన్ని అక్కడ ఖియాస్ అంటారు. చూపులోనూ ఇటువంటి తీర్పు ఉన్నదని ఇబ్నుల్ హైసమ్ కనుగొన్నారు. అది కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది గనుక, తీర్పు చెప్పామన్న సంగతి మనకే తెలియదు. మన తర్కశాస్త్రంలో దీనికి సరితూగే మాట అనుమానం. పొగను చూచి నిప్పు ఉన్నదని గ్రహించడం. విశేషమేమంటే, అదే అనుమానం నేటి తెలుగులో సందేహానికి పేరైంది. టాలెమీ గ్రంథాలలోని వైరుధ్యాలను ఎత్తి చూపుతూ ఇబ్నుల్ హైసమ్ రాసిన మరొక గ్రంథం పేరు అష్షుకూక్ అలా బత్లమ్యూస్, అనగా టాలెమీపై సందేహాలు. పెద్దల గ్రంథం చదివేవాడు ఆ గ్రంథాన్నే గాక, దానిని విమర్శించే తన బుద్ధిని కూడా శంకించుకోవాలని అందులో ఆయన హెచ్చరించారు. ఖియాస్ వేరు, షక్ వేరు. తెలుగు మాత్రం రెండింటికీ ఒకే మాటను ఇచ్చి, ఆయన జీవితకృషిని ఒక్క పదంలో ఇమిడ్చింది!

మనసు చెప్పే తీర్పు తప్పినప్పుడు పుట్టేదే దృష్టిభ్రమ. చీకటిలో తాడును పాముగా పొరబడడం మన వేదాంతులకు వేల ఏళ్ళుగా ప్రియమైన ఉదాహరణ. లోకం మిథ్య అని నిరూపించడానికి వారు దానిని వాడుకున్నారు. ఇబ్నుల్ హైసమ్ దారి వేరు. కితాబుల్ మనాజిర్ మూడవ సంపుటాన్ని కేవలం చూపు చేసే పొరపాట్లకే కేటాయించి, తప్పు ఏయే నియమం చెడినందువల్ల వస్తుందో విచారించారు. వస్తువు దూరం, అది ఉన్న వైపు, దాని మీది వెలుగు, దాని పరిమాణం, దాని దట్టదనం, నడుమ గాలి తేటదనం, చూడడానికి చిక్కిన సమయం, కంటి ఆరోగ్యం - ఈ ఎనిమిదింటిలో ఏది హద్దు దాటినా చూపు తప్పుతుంది. మసక వెలుతురులో తాడు పాము కావడానికి ఇందులో వెలుగు ఒక్కటి తగ్గితే చాలు.

మరొక బొమ్మ గీద్దాం. పెన్సిలుతో ఒకే ముదురులో రెండు చిన్న బూడిదరంగు చతురస్రాలు నింపండి. ఒకదాని చుట్టూ తెల్లకాగితాన్ని అట్లాగే వదలండి. రెండవదాని చుట్టూ పెన్సిలును గట్టిగా నొక్కి నల్లగా పులమండి. దూరం నుండి చూస్తే నలుపు నడుమ ఉన్నది లేతగా, తెలుపు నడుమ ఉన్నది ముదురుగా కనిపిస్తాయి. ఒకే రంగు చుక్కలు తెల్లని నేలపై ముదురుగానూ, నల్లని నేలపై కాంతిమంతంగానూ తోస్తాయని ఇబ్నుల్ హైసమ్ గమనించి రాశారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి నల్లని అంచు పక్కన ఏ రంగు ఎట్లా మారుతుందో శాస్త్రం చదవకుండానే తెలుసు.

ఇంకొకటి. దూరాన కలుసుకునే రైలుపట్టాలవలె రెండు వాలు గీతలు గీచి, వాటి నడుమ దిగువన ఒకటి, ఎగువన ఒకటి సమానమైన రెండు అడ్డగీతలు పెట్టండి. కొలబద్దతో కొలిచి గీసినా సరే, ఎగువ గీత పొడవుగా కనిపిస్తుంది. ఇటలీ దేశపు మనోవిజ్ఞాని మారియో పోంజో పేరిట ఈ బొమ్మ ప్రసిద్ధం. జర్మనీ దేశస్థుడు ముల్లర్-లయర్ 1889లో ప్రకటించిన బాణపు మొనల బొమ్మ దీనికి పెద్దన్న. ఈ బొమ్మలు ఇబ్నుల్ హైసమ్ గీసినవి కావు. కాని పోంజో బొమ్మకు చాలామంది చెప్పే వివరణకు మూలం ఆయన చంద్రుని గురించి చేసిన విచారణలో ఉన్నది.

పౌర్ణమి సాయంత్రం తిరుపతిలో నిలబడి చూస్తే రేణిగుంట వైపు నుండి పైకి వచ్చే చంద్రుడు పెద్ద పళ్ళెమంత ఉంటాడు. అర్ధరాత్రి నడినెత్తికి చేరేసరికి చిన్నబోతాడు. చంద్రుడు పెరగలేదు, తరగలేదు. చేయి పూర్తిగా చాచి ఒక పెన్సిలును నిలువుగా పట్టుకొని ఒక కన్ను మూసి చూస్తే, ఉదయించే చంద్రుడూ దాని వెనుక దాగిపోతాడు, నడినెత్తి చంద్రుడూ దాగిపోతాడు. దిగంతం వద్ద ఉన్నప్పుడు మనకూ చంద్రునికీ నడుమ చెట్లు, ఇళ్ళు, పొలాలు పరచుకొని ఉంటాయి గనుక మనసు అతడిని ఎక్కువ దూరంలో ఉన్నట్లు తలుస్తుంది. అంత దూరాన ఉండి కూడా ఇంత కనిపిస్తున్నాడంటే చాలా పెద్దవాడై ఉండాలని తీర్పు చెబుతుంది. నడినెత్తిన ఆ కొలతగుర్తులు ఉండవు. ఇబ్నుల్ హైసమ్ ఇచ్చిన ఈ వివరణపై నేటికీ చర్చ సాగుతూనే ఉన్నది. కాని తప్పు ఆకాశంలో లేదు, చూచేవాని తీర్పులో ఉన్నదని నిలబెట్టిన కీర్తి ఆయనది. 19వ శతాబ్దిలో హెల్మ్‌హోల్ట్జ్ మనకు తెలియకనే జరిగే అనుమితి అని చెప్పినది ఈ మార్గంలోనిదే.

చీకటి గది ప్రయోగం కూడా ప్రస్తావింపదగినది. ఒక చిన్న రంధ్రానికి ఎదురుగా వరుసగా దీపాలు పెడితే గది లోపలి గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని మూస్తే దానికి ఎదురైన మచ్చ ఒక్కటే ఆరిపోతుంది. అంటే అన్ని కాంతులూ ఒకే రంధ్రంలో దూరినా ఒకదానిలో ఒకటి కలిసిపోవడం లేదు. గ్రహణకాలపు సూర్యుడు సన్నని రంధ్రం గుండా నెలవంకవలె పడడాన్ని గురించి ఆయన వేరే ఒక గ్రంథమే రాశారు. 2019 డిసెంబరు 26 ఉదయం వంటి పాక్షిక గ్రహణవేళల్లో చెట్ల కింద ఆకుల సందుల నుండి నేలమీద పరచుకునే వెలుగు నెలవంకలు ఇవే. గ్రహణమని తిరుమలలో ఆలయం తలుపులు మూస్తారు. శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు. మసీదులో నమాజె కుసూఫ్ చదువుతారు. ముగ్గురి కాళ్ళ ముందూ పడే నెలవంక మాత్రం ఒకటే.

ఇబ్నుల్ హైసమ్ అన్నీ సరిగానే చెప్పారని మేము అనబోము. కంటిలోని కటకమే వెలుగును గ్రహిస్తుందని ఆయన భావించారు. బొమ్మ కంటి వెనుక పొర మీద తలకిందులుగా పడుతుందని 1604లో జర్మన్ ఖగోళవేత్త కెప్లర్ తేల్చి చెప్పాడు. అయితే కెప్లర్ చేతికి ఆ ప్రశ్న చేరినది ఇబ్నుల్ హైసమ్ మార్గాన్నే. కితాబుల్ మనాజిర్ 12వ శతాబ్ది చివరిలోనో 13వ శతాబ్ది తొలినాళ్ళలోనో లాటిన్‌లోకి వెళ్ళింది. రోజర్ బేకన్, విటెలో, జాన్ పెకమ్ దానిని చదివి తమ గ్రంథాలు రాశారు. ఇటాలియన్ భాషలోకి మారిన ప్రతిని ఫ్లోరెన్సు శిల్పి గిబెర్టి వాడుకున్నాడు. 1572లో బాసెల్ నగరంలో ఫ్రీడ్రిక్ రిస్నర్ లాటిన్ ప్రతిని అచ్చు వేయించాడు. తూర్పున ఇరాన్ పండితుడు కమాలుద్దీన్ ఫారిసీ దానికి విపులమైన వ్యాఖ్య రాసి, నీరు నింపిన గాజు గోళంతో ఇంద్రధనుస్సు రహస్యాన్ని ఛేదించాడు. అటు తరువాత అరబ్బీ లోకంలో ఆ గ్రంథాన్ని శ్రద్ధగా పట్టుకున్నవారు అరుదు. 1942-43లో కైరోలో ముస్తఫా నజీఫ్ దానిపై పెద్ద అధ్యయనం వెలువరించాడు. మొదటి మూడు సంపుటాలకు సబ్రా చేసిన ఆంగ్లానువాదం 1989లో వచ్చింది. సొంత ఇంటి నిక్షేపాన్ని పొరుగువారు ముందుగా విప్పి చూచుకున్న సంగతి మన సభల ఉపన్యాసాలలో వినిపించదు.

ఆయన 1040 ప్రాంతంలో కైరోలోనే కన్నుమూశారు. ఇరాక్ ప్రభుత్వం 2003లో వెలువరించిన పదివేల దీనారుల నోటు మీద ఆయన బొమ్మ అచ్చయింది. ఐక్యరాజ్యసమితి 2015ను అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా ప్రకటించినప్పుడు ఆయనను ప్రత్యేకంగా స్మరించారు. చంద్రుని మీద ఒక బిలానికి అల్‌హాజెన్ అని పేరు పెట్టారు. అది చంద్రబింబం తూర్పు అంచున ఉన్నది. దూరదర్శిని గల విద్యార్థులు శుక్లపక్షపు తొలిరోజుల్లో దానిని వెతకవచ్చు. ఆ బిలం నిజానికి గుండ్రనిదే. అంచున ఉండడంవల్ల, మనం దానిని పక్కవాటుగా చూడడంవల్ల, కోడిగుడ్డువలె కోలగా కనిపిస్తుంది.